ఆ భాషలో అక్క

పెట్టెను గుమ్మం దగ్గర ఎవరు పెట్టారో ఆ ఇంట్లో ఎవరూ చెప్పడం లేదు.

పొద్దున లేచేసరికి అక్కడుంది. నిన్నటిదాకా సోఫా వెనక గోడకి ఆనుకుని తన మానాన తాను పడున్న పెట్టె. ఇవాళ చెప్పుల స్టాండు పక్కన, హ్యాండిలు పైకి లాగి, పిలిస్తే బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

ఆ పెట్టె చిన్ని అనే అమ్మాయిది. చదువు కోసం ఈ దేశం వచ్చింది. ఊరి కొత్త ఇంకా పోలేదు. ఏ బస్సు ఎక్కాలో ఇప్పటికీ ఎవరినో అడిగి ఎక్కుతుంది. విమానం దిగిన రోజు నుంచి పెద్దనాన్న కూతురింట్లో ఉంటోంది. పెద్దనాన్న కూతురంటే మనకి వేరే వివరం అక్కర్లేదు, అక్క. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. ఇద్దరిలో చిన్నది కాబట్టి ఇది చిన్ని అయింది, అంతే.

బావ రాత్రి డ్యూటీ నుంచి వచ్చాడు. తలుపు తీశాడు, పెట్టెను చూశాడు, కాలెత్తి దాటాడు.

"ఇదేంటి?"

"పెట్టె," అంది అక్క పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరక్కుండానే.

"పెట్టేనని నాకూ తెలుసు. ఇక్కడెందుకుంది అని."

"అక్కడుంటే మీకేం అడ్డం?"

"నాకేం అడ్డం లేదు. నేను ముట్టుకోలేదని మాత్రం ఇప్పుడే చెప్తున్నా. రేపు మీ ఇద్దరూ ఒకటై నా నెత్తిన రుద్దుతారు."

చిన్ని సోఫా మీద దుప్పటి మడత పెడుతోంది. మడత పెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

బావ చెడ్డవాడు కాదు. అదే ఆ ఇంటికి వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని తేలిగ్గా ఉండొచ్చు. పార్సిళ్ళ గోడౌన్‌లో రాత్రంతా బెల్టు పక్కన నిలబడి పెట్టెలు వేరుచేసి, పొద్దున ఇంటికొచ్చి పడుకుంటాడు. ఉన్నది ఒక పడగ్గది, ఒక హాలు. మధ్యనున్న గోడ ఎంత పల్చనిదంటే హాల్లో పేజీ తిప్పితే లోపల ఆయన పక్కకి ఒత్తిగిలుతాడు. మొన్నామధ్య నిలబడే కునుకు తీస్తే చొక్కా చెయ్యి బెల్టులో పడి లాగేసింది. ఎవరో చూసి మెషీను ఆపారు కాబట్టి చెయ్యి మిగిలింది. ఆ రోజు ఇంటికొచ్చి చిరిగిన చొక్కా అక్క ముందు పెట్టాడు. నెలాఖరుదాకా చూస్తానన్నాడు, ఆ తరవాత గోడౌన్ దగ్గర తోటివాళ్ళ గదిలో చోటుంది, అక్కడే పడుకుంటానన్నాడు, ఆదివారాలు వచ్చి పోతానన్నాడు.

పెళ్ళాన్ని చూడ్డానికి ఆదివారాలు వస్తానన్న మొగుడు మళ్ళీ మామూలు రోజుల్లో వస్తాడని నమ్మకమేముంది? అక్క ఆ రోజు నుంచి సరిగా మాట్లాడటం లేదు. ఎవరితోనూ.

"నిన్ను పొమ్మని నేననలేదు చిన్నీ," అన్నాడు బావ, షూ విప్పుతూ.

"తెలుసు బావా."

"నాకు నిద్ర కావాలి. అంతే."

"తెలుసు బావా."

"అన్నిటికీ తెలుసంటావు. నాకే ఏమీ తెలియదు ఈ ఇంట్లో," అంటూ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ తలుపు పడిందంటే ఇల్లు గుసగుసల్లోకి దిగిపోతుంది. గిన్నెలు గుడ్డ మీద పెట్టాలి. కుళాయి సన్నగా తిప్పాలి. దగ్గొస్తే దిండు మూతికి అడ్డం పెట్టుకోవాలి.

చిన్ని అక్క పక్కకెళ్ళి నిలబడింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. రోజూ ఈపాటికి అక్క చెయ్యి తుడుచుకుని, చెవుల వెనక వేళ్ళు పెట్టి జోడు సర్దేది. అక్క పనిచేసేది కళ్ళద్దాల షాపులో. జోడు వంకరగా ఉంటే చూస్తూ ఊరుకోలేదు, బస్సులో కొత్తవాళ్ళదైనా సరే ఆవిడ వేళ్ళు దురద పెడతాయి. ఇవాళ మాత్రం చిన్ని ముఖం కేసి చూడనే లేదు.

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"నిన్నే చెబుదామనుకున్నాను. హాస్టల్లో గది ఖాళీ అయింది."

"సంతోషం."

"కానీ నువ్వొకసారి అక్కడికి రావాలి. ఇవాళే. మధ్యాహ్నం లోపు."

"నేనెందుకు?"

చిన్ని గొంతు ఇంకా తగ్గించింది. పడగ్గది కోసం కాదు, చెప్పే సంగతి కోసం.

"నేను మొదట్లో ఒక తప్పు మాట చెప్పాను. దాన్ని నువ్వు దిద్దాలి."

అక్క పొయ్యి ఆపింది. గుసగుసగానే అంది, కానీ ఆ గుసగుస కన్నా కేకేసినా బాగుండేది. "కిందికి పద. ఇక్కడ వద్దు."

కింద, మెట్ల చివర, బిల్డింగంతటికీ కలిపి బట్టలుతికే మెషీన్ల గది ఉంది. చిన్ని చదువంతా అక్కడే సాగుతోంది. మూల మెషీను మీద పుస్తకం పెడితే ఊగుతుందని, కిటికీ పక్కదాని మీద పెడితే వేడిగా ఉంటుందని ఈపాటికి నేర్చుకుంది. యూనివర్సిటీలో నేర్చుకున్నదానికంటే ఇదే ఎక్కువేమో. మెషీన్లు రెండు తిరుగుతున్నాయి. పైన గుసగుసలాడినవాళ్ళు ఇక్కడ గొంతు చించుకోవలసి వచ్చింది.

"నిన్న సాయంత్రం స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏం వల్లె వేస్తున్నావు?" అంది అక్క.

చిన్ని ముఖం పాలిపోయింది. ఆఫీసు కిటికీల దగ్గర ఇక్కడి భాషలో మాట్లాడవలసి వస్తే ముందు అద్దం ముందు చెప్పుకోవడం దానికి అలవాటు. ఇక్కడికొచ్చాక పట్టుకున్న అలవాటు. నోట్లో నలిగిన వాక్యం అక్కడికెళ్ళాక తడబడదు.

"విన్నావా?"

"చెవులున్నాయిగా. 'ఆమె నా అక్క కాదు.' ముందు మెల్లగా అన్నావు. తరవాత గట్టిగా. తరవాత 'కాదు' దగ్గర యాస కుదరలేదని మళ్ళీ, మళ్ళీ. తువ్వాలు పట్టుకుని తలుపవతల నిలబడ్డాను నేను. అది అన్నందుకు కాదే నాకు. దానికి యాస దిద్దుకున్నావు చూడు, అందుకు."

"అయితే పెట్టె నువ్వే పెట్టావా?"

"నేనే పెట్టాను."

చిన్నికి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. అయినా జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆ దేశపు భాషలో పెద్దనాన్న కూతురికి వేరే మాట ఉంది. మేనమామ కొడుక్కీ అదే మాట, పిన్ని కూతురికీ అదే, మేనత్త పిల్లలకీ అదే. అందర్నీ ఒకే గాటన కట్టేస్తారు. ఆ మాట వింటే వచ్చింది అక్కో బావో తెలిసి చావదు. చిన్నికి ఆ మాట రాక కాదు, ఇంటి దగ్గర నేర్చుకున్నప్పుడు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. కానీ వచ్చిన కొత్తలో హాస్టల్ కిటికీ దగ్గర ఆవిడ "ఈ ఊళ్ళో నీకెవరున్నారు?" అని అడిగింది. చిన్ని "అక్క ఉంది" అంది. మనవాళ్ళెవరైనా అంతే అంటారు. ఆవిడ తలూపి పేరు జాబితా అట్టడుగుకి తోసేసింది. తోడబుట్టినవాళ్ళు ఊళ్ళో ఉంటే గది అందరికంటే చివర్న ఇస్తారట. ఆ సంగతి నిన్నగాక మొన్న ఎవరో చెబితే గానీ దీనికి తెలియలేదు.

"నిన్న వెళ్ళి, ఆవిడ నా పెద్దనాన్న కూతురండీ అని చెప్పాను. నమ్మలేదు. గది కోసం అందరూ మాట మారుస్తారంది. ఆ అక్కనే తీసుకురా, ఆవిడే చెప్పాలి అంది. మధ్యాహ్నం దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

"నేనొచ్చి, ఇది నా చెల్లెలు కాదు అనాలి."

"ఆ భాషలో అక్కా. ఆ భాషలో మాత్రమే. మన భాషలో నువ్వు అక్కవే కదా."

"భాషకొక అక్కా?" అంది అక్క.

మెషీన్లలో ఒకటి ఆగింది. ఒకావిడ బట్టల బుట్టతో లోపలికొచ్చి, వీళ్ళని చూసి, వెనక్కెళ్ళాలో ఉండాలో తేలక అక్కడే నిలబడిపోయింది. మాట అర్థం కాకపోయినా తగాదా ఏ భాషలోనైనా తగాదాలాగే ఉంటుంది. తన బట్టలు గబగబా తీసుకుని వెళ్ళిపోయింది.

అక్క ఆగిన మెషీనుకి ఆనుకుంది.

"మీ బావ వాళ్ళమ్మ మనింటికి సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజు నీకు గుర్తుందా?"

"నేను కుర్చీ వెనక ఉన్నాను."

"ఉన్నావు. 'మీకెంతమంది ఆడపిల్లలు?' అని అడిగింది ఆవిడ. పిన్ని ఏమందో గుర్తుందా?"

చిన్ని చూపు నేలకి దించింది. గుర్తుంది.

"'ఒక్కతేనండీ. ఇది మా బావగారి పిల్ల' అంది. మా అమ్మ ముఖం నాకు తెలియదు. పాలబుగ్గల నాటి నుంచీ మీ అమ్మ చేతి అన్నమే తిన్నాను. అమ్మా అనే పిలిచేదాన్ని. తప్పు, పిన్నీ అనాలి అని ఎవరో నేర్పారు, సరే పిన్నీ అన్నాను. ఆ రోజు నా చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. 'ఇది' అంది నన్ను చూపించి. ట్రే వదిలెయ్యకుండా ఎలా పట్టుకున్నానో నాకే తెలియదు."

"అమ్మ ఉద్దేశం అది కాదక్కా."

"ఉద్దేశాలు నాకు కనపడవు. మాట వినపడింది. ఇప్పుడు నువ్వు. తల్లీకూతుళ్ళు ఒకటే పాఠం బాగా చదువుకున్నారు."

చిన్నికి అక్కడ తెగింది.

"మరి నన్నేం చెయ్యమంటావు? మీ ఇంట్లో దగ్గొస్తే మెట్లు దిగి ఇక్కడికొచ్చి దగ్గుతున్నాను. రాసుకోవాలంటే ఈ మెషీను ఎప్పుడాగుతుందా అని కాచుకోవాలి. బావ చెయ్యి పోయేదాకా వచ్చింది నా వల్ల. నీ కాపురం పోయేదాకా వచ్చింది. గది దొరికితే అందరూ బాగుపడతారు కదా."

"మీ ఇల్లా?"

"ఏంటి?"

"మీ ఇంట్లో అన్నావు. మొన్నటిదాకా మనిల్లు అనేదానివి."

"పెట్టె గుమ్మంలో పెట్టాక ఇంకా మనిల్లేంటక్కా?" అంది చిన్ని. "అసలు నన్ను రమ్మన్నదెవరు? హాస్టలెందుకే, నేనుండగా అని ఫోన్లో అన్నదెవరు? బావని ఒక్క మాట అడిగావా? నా కోసం పిలిచావా నువ్వు? మా అమ్మకి చూపించుకోడానికి పిలిచావు. చూడు పిన్నీ, కాదన్న పిల్లే నీ పిల్లని చూసుకుంటోంది అని."

అనేశాక నాలిక కరుచుకుంది. కానీ నిజం ఒకసారి బయటపడితే కరుచుకుని ఏం లాభం? అక్క ముఖంలో కోపం ఉన్నట్టుండి పోయింది. దాని చోట ఏమీ రాలేదు.

రెండో మెషీను కూడా ఆగింది. గదిలో చప్పుడు లేకపోయేసరికి ఇద్దరికీ మాట్లాడటం మరీ కష్టమైంది.

"కిటికీ ఎప్పుడు మూస్తారన్నావు?" అంది అక్క చివరికి.

"మధ్యాహ్నం."

"పద. షాపుకి ఆలస్యంగా వస్తానని చెప్తాను."

"ఆవిడతో చెప్తావా అక్కా? నిజంగా చెప్తావా?"

"ఆ మాట ఎలా అంటారో నాకు తెలుసు. ఒకసారి విన్నదాన్నేగా."

చెప్పులు మార్చుకోడానికి పైకెళ్తే పడగ్గది తలుపు తీసుంది. బావ మంచం అంచున కూర్చున్నాడు. పడుకున్న జాడ లేదు.

"చిన్నికి హాస్టల్లో గది వస్తోంది," అంది అక్క. "వెళ్ళి నేనొక మాట చెప్పాలి. చెప్తే ఇచ్చేస్తారు."

బావ ముఖం వెలిగింది. వెలిగిందని ఆయనకే తెలిసి, సిగ్గుపడి తల దించుకున్నాడు. "ఏమైనా తిని వెళ్ళండి," అన్నాడు. తల ఎత్తకుండానే, "ఆదివారాలు ఇక్కడికి వచ్చెయ్ చిన్నీ. పొద్దున్నే వచ్చెయ్," అన్నాడు.

ఆదివారాలు మొదట ఎవరికోసం పెట్టుకున్నాడో అక్కకి గుర్తొచ్చి ఉంటుంది. తాళం చెవులు తీసుకుంది.

బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లే దొరికాయి. అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చిన్ని పెదాలు కదులుతున్నాయి. అక్క చెప్పాక ఆవిడ తననేమైనా అడిగితే చెప్పడానికి వాక్యాలు కూర్చుకుంటోంది. రెండు స్టాపులు దాటాక అక్క తలతిప్పకుండానే అంది, "కదపకు. నాకు వినపడుతోంది." చిన్ని పెదాలు బిగించింది.

హాస్టల్ కిటికీ దగ్గర వరస పెద్దగా లేదు. ముందు ఒక కుర్రాడు తన దేశం పేరు ఎలా పలకాలో ఆవిడకి విసుగు లేకుండా నేర్పుతున్నాడు. వాడి వంతు అయ్యాక వీళ్ళది వచ్చింది. అక్కకి ఆ భాష నీళ్ళు తాగినంత సులువు. రోజంతా కొత్త ముఖాలకి జోళ్ళు పెట్టి, ఇప్పుడెలా ఉంది, బిగువుగా ఉందా, వదులుగా ఉందా అని అడిగి అడిగి అరిగిన భాష. చిన్నికి ధైర్యమొచ్చింది. ఇంత బాగా మాట్లాడే మనిషి మాట ఎవరు నమ్మరు?

కిటికీ ఆవిడ కళ్ళజోడు ఒక పక్కకి ఒరిగి ఉంది. అక్క చూపు ముందు దాని మీదికే వెళ్ళింది.

"నిన్న వచ్చిన అమ్మాయేనా? ఈవిడేనా నువ్వు చెప్పింది?"

"అవునండీ," అంది చిన్ని.

ఆవిడ అక్క వైపు తిరిగింది. గొంతులో మర్యాద ఉంది, తొందర కూడా ఉంది. "ఒక్క మాట చెప్పండి చాలు. ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

చిన్నికి ఆ గది గుర్తొచ్చింది. గది ఎలా ఉంటుందో నిన్న ఆవిడ తలుపు తీసి చూపించింది. చిన్న మంచం, బల్ల, బల్ల మీద దీపం. లోపల నిలబడి ఒక్కసారి దగ్గి చూసుకుంది చిన్ని. ఎవరూ కదల్లేదు.

అక్క నోరు తెరిచింది. మూసింది. బల్ల అంచు మీద వేలితో ఏదో తుడిచింది, అక్కడ ఏమీ లేకపోయినా.

"చెల్లెలు," అంది.

కిటికీ ఆవిడ చిన్ని కేసి ఒకసారి చూసి మళ్ళీ అక్కని చూసింది. "అంటే, సొంత చెల్లెలా? తెలిసి చెప్తున్నారా?"

"సొంత చెల్లెలే," అంది అక్క. ఆ భాషలో తేడా ఎక్కడుందో తెలిసిన మనిషి, సందేహానికి చోటు లేకుండా చెప్పింది. "ఒకే తల్లి."

"కాదండీ," అంది చిన్ని, "కాదు, ఆవిడ..." నిన్న సాయంత్రం అద్దం ముందు దిద్దుకున్న వాక్యం. సరిగ్గా 'కాదు' దగ్గరే నాలుక మడతపడింది.

ఆవిడ వినిపించుకోలేదు. విసుక్కోనూ లేదు, జాలిగా తలూపింది. "నీకు అక్క ఉందమ్మా. ఎవరూ లేనివాళ్ళు చాలామంది ఎదురుచూస్తున్నారు," అని వెనకవాళ్ళని రమ్మంది.

ఇద్దరూ బయట మెట్ల మీదికొచ్చారు.

"కావాలనే చేశావు," అంది చిన్ని.

"అనగలననుకున్నాను."

"నా మీద కసితో చేశావా, అమ్మ మీద కసితోనా?"

"ఏమో," అంది అక్క. "అన్నాక హాయిగా ఉందే చిన్నీ. అదే భయంగా ఉంది. ఇంతకాలానికి ఒకరిముందు అన్నాను, ఒకే తల్లి అని."

చిన్ని కళ్ళజోడు తడిసి ముక్కు చివరికి జారిపోయింది. అక్క అలవాటుగా రెండు చేతులూ చాచింది. చిన్ని తల పక్కకి తిప్పేసుకుంది. చాచిన చేతులు కాసేపు అలాగే ఉండి దిగిపోయాయి.

చిన్ని సంచిలో ఫోను మోగింది. బావ.

చాలా రోజుల తరవాత ఆయన గొంతు మెత్తగా ఉంది. "అయిందా చిన్నీ? పెట్టె కిందికి దించేశాను, మళ్ళీ నువ్వు పైకెక్కి దిగక్కర్లేకుండా. చక్రం ఒకటి ఊగుతోంటే బిగించాను కూడా. ఇంక ఇబ్బంది పెట్టదు. ఏంటి, వినపడుతోందా? మీ అక్క చెప్పేసిందా?"

చిన్ని ఫోను అక్క చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు," అంది. "నీకు అనడం వచ్చుగా."

అక్క ఫోను చెవి దగ్గరికి తీసుకోలేదు, పెట్టెయ్యనూ లేదు. ఆవిడ చేతిలోంచి బావ హలో, హలో అంటూనే ఉన్నాడు.